మీడియా సంస్థకు అసలు యజమాని ఎవరు? వాటాలు, ఓట్లు, యాడ్ల డబ్బు

2025 ఆగస్టులో అమెరికాలో పారామౌంట్ చేతులు మారింది. సినిమా స్టూడియో, సీబీఎస్ టీవీ నెట్‌వర్క్, దాని వార్తా విభాగం, పిల్లల ఛానెల్, స్ట్రీమింగ్ యాప్, అన్నీ కలిపి స్కైడాన్స్ సంస్థ చేతికి వెళ్లాయి. సుమారు 800 కోట్ల డాలర్ల వ్యవహారం. ఆ వార్తను శ్రద్ధగా చదివినవాళ్లు ఒక్క దగ్గర మాత్రం ఆగిపోయి ఉంటారు. పారామౌంట్ దక్కాలంటే కొనేవాళ్లు ముందుగా నేషనల్ అమ్యూజ్‌మెంట్స్ అనే ఓ కుటుంబ కంపెనీని కొనాల్సి వచ్చింది. 1930లలో డ్రైవ్-ఇన్ సినిమా హాళ్లతో మొదలైన కంపెనీ అది. పారామౌంట్ పెట్టుబడిలో దాని వాటా పదోవంతుకు అటూ ఇటూ. ఓట్లలో మాత్రం నూటికి 75కు పైగా దానివే.

పదోవంతు సొమ్ముతో పెత్తనమంతా ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మీడియా సంస్థల లెక్క సగం అర్థమైనట్టే. మనం "ఆ పేపర్ ఫలానా వాళ్లది", "ఆ ఛానెల్ ఫలానా వాళ్లది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. ఆ ఒక్క ముక్కలో నిజానికి మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వాటాలు ఎవరివి? ఓట్లు ఎవరివి? నెలనెలా జీతాలిచ్చే డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? మూడింటికీ ఒకే జవాబు వచ్చే సంస్థలు తక్కువ. ఈ మూడూ విడదీసి చూడకపోవడం వల్లే మీడియా మీద మనం చేసే వాదనలు చాలావరకు గాలిలో పోతున్నాయని నా నమ్మకం.

వాటా వేరు, ఓటు వేరు

మామూలు కంపెనీలో ఒక వాటాకు ఒక ఓటు. ఎవరి దగ్గర ఎక్కువ వాటాలుంటే వాళ్ల మాట చెల్లుతుంది. మీడియా కంపెనీల్లో చాలాచోట్ల రెండు రకాల వాటాలు ఉంటాయి. బయట మార్కెట్లో అందరికీ అమ్మేవి ఒక రకం. కుటుంబమో, స్థాపకుడో తమ దగ్గరే అట్టిపెట్టుకునేవి ఇంకో రకం. ఈ రెండో రకానికి ఓట్ల బలం ఎక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కంపెనీకి మొత్తం కోటి వాటాలు ఉన్నాయనుకోండి. అందులో 90 లక్షలు మామూలువి, ఒక్కోదానికి ఒక్క ఓటు. మిగతా 10 లక్షలు ప్రత్యేకమైనవి, ఒక్కోదానికి పది ఓట్లు. ప్రత్యేక వాటాలన్నీ స్థాపకుడివే. అతని ఓట్లు కోటి. మిగతా లోకమంతా కలిపినా 90 లక్షలే. అంటే నూటికి పది వంతుల సొమ్ముతో 52 వంతులకు పైగా ఓట్లు అతని చేతిలో ఉన్నాయి. అతన్ని మార్చాలని మిగతా వాటాదారులంతా ఒక్కటైనా కుదరదు.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటాలో మార్క్ జుకర్‌బర్గ్ పెత్తనం ఇలాంటి పది ఓట్ల వాటాల మీదే నిలబడి ఉంది. న్యూయార్క్ టైమ్స్‌ది ఇదే సూత్రం, పద్ధతి కాస్త వేరు. 1896లో అడాల్ఫ్ ఆక్స్ ఆ పత్రికను కొన్నారు. ఆయన వారసులైన ఆక్స్-సల్జ్‌బర్గర్ కుటుంబం చేతిలో బీ తరగతి వాటాలున్నాయి. డైరెక్టర్లలో దాదాపు 70 శాతం మందిని ఎన్నుకునే హక్కు ఆ తరగతిదే. మరో రకమైన 'ఏ' (A) తరగతి వాటాలు మార్కెట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎన్ని కొన్నా డైరెక్టర్లలో ఎక్కువమందిని ఎన్నుకునే వీలు మాత్రం రాదు.

ఇలాంటి ప్రత్యేక వాటాలు లేకుండా కూడా పెత్తనం సంపాదించే దారి ఒకటుంది, కంపెనీ మీద కంపెనీ. మీకు మొదటి కంపెనీలో 51 శాతం ఉంది. దానికి రెండో కంపెనీలో 51 శాతం. రెండోదానికి మూడోదానిలో, అంటే పత్రిక నడిపే కంపెనీలో, 51 శాతం. ప్రతి మెట్టులోనూ మీ మాటే చెల్లుతుంది కాబట్టి పత్రిక మీ చేతిలోనే ఉంటుంది. గుణించి చూస్తే పత్రికలో మీ అసలు సొమ్ము 13 శాతం మాత్రమే. పత్రిక నష్టపోతే 87 శాతం దెబ్బ ఇంకెవరికో తగులుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతను లెక్కల్లో చూపిస్తే ఇలాగే ఉంటుంది.

ఈ ఏర్పాటును సమర్థించేవాళ్ల మాట తీసిపారేయలేం. వార్తాసంస్థ మూడు నెలలకోసారి లాభం చూపించాలన్న టెన్షన్‌లో బతికితే మొదట పోయేది పరిశోధనాత్మక జర్నలిజమే. ఏడాదిపాటు నలుగురు రిపోర్టర్లు ఒక్క కథనం మీద పనిచేస్తే ఏ మదుపరికి నచ్చుతుంది? కుటుంబం చేతిలో ఓట్లుంటే ఆ ఒత్తిడిని తట్టుకోవచ్చంటారు. కాదనేవాళ్లు అడిగేది కూడా న్యాయమే. ఆ కుటుంబంలో తరువాతి తరం ఎలాంటిదో ఎవరు చెప్పగలరు? తప్పు చేస్తే ఆపేవాళ్లెవరు? ఇదే ఏర్పాటు ఒక తరంలో రక్షణగా పనిచేసి, మరో తరంలో భారంగా మారొచ్చు.

వ్యక్తి లేని యాజమాన్యాలు

యజమాని అనగానే మనకు ఒక మనిషి మొహం గుర్తొస్తుంది. కొన్ని సంస్థలకు ఆ మొహమే ఉండదు.

బ్రిటన్‌లో ది గార్డియన్ పత్రికను 1936 నుంచి స్కాట్ ట్రస్టు చూసుకుంటోంది. వారసత్వ పన్ను కట్టడానికి పత్రికను అమ్ముకోవాల్సి వస్తుందేమోనన్న భయంతో స్కాట్ కుటుంబం తన వాటాలను ట్రస్టుకు రాసిచ్చింది. 2008లో ఆ ట్రస్టు చట్టరీత్యా లిమిటెడ్ కంపెనీగా మారింది గానీ, లాభం వాటాదారుల జేబులోకి కాకుండా పత్రికకే తిరిగి పోవాలన్న నియమం మారలేదు. జర్మనీలో డెర్ ష్పీగెల్ పత్రిక స్థాపకుడు రుడాల్ఫ్ ఔగ్‌స్టైన్ 1974లో సగం వాటాను తన సిబ్బందికే ఇచ్చేశారు. ఈ రోజు 50.5 శాతం సిబ్బంది సంస్థదే. అసోసియేటెడ్ ప్రెస్ మరో రకం. 1846లో న్యూయార్క్ పత్రికలు ఖర్చు కలిసి భరించుకుందామని మొదలుపెట్టిన ఏర్పాటు అది. ఇప్పటికీ సహకార సంఘం పద్ధతిలోనే నడుస్తోంది.

ఇవి చదివితే ట్రస్టో ఫౌండేషనో ఉంటే చాలు, పత్రికకు స్వేచ్ఛ వచ్చేస్తుందనిపిస్తుంది. ఆ ముచ్చటను హంగరీ తీర్చేసింది. 2018 నవంబరులో అక్కడ ప్రభుత్వానికి దగ్గరైన యజమానులు 400కు పైగా పత్రికలు, రేడియోలు, వెబ్‌సైట్లు, టీవీ ఛానెళ్లను ఒకే ఒక ఫౌండేషన్‌కు ఉచితంగా ఇచ్చేశారు. అంత పెద్ద విలీనాన్ని పోటీ నియంత్రణ సంస్థ పరిశీలించాలి. ప్రభుత్వం దాన్ని జాతీయ వ్యూహాత్మక ప్రాధాన్యం గల విషయంగా ప్రకటించి ఆ పరిశీలన అవసరం లేకుండా చేసింది. కాగితం మీద గార్డియన్‌దీ ఫౌండేషన్ తరహా యాజమాన్యమే, దీనిదీ అదే. లోపల జరిగేది మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. బోర్డు మీద పేరు చూసి నమ్మకం పెట్టుకోకూడదు. ట్రస్టీలను ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు అన్నది చదవాలి.

1922: ఒకే ఏడాది, రెండు దారులు

ఇక డబ్బు సంగతి. పత్రిక ధరకు, దాని అసలు ఖర్చుకు సంబంధం తెగిపోయి చాలా కాలమైంది. 1833 సెప్టెంబరు 3న బెంజమిన్ డే న్యూయార్క్‌లో ది సన్ పత్రికను ఒక్క సెంటుకు అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి మిగతా పేపర్లు ఆరు సెంట్లు. కాగితం, అచ్చు ఖర్చులకే ఆ సెంటు చాలదు. ఆయన లెక్క వేరే. చవకగా ఇస్తే వేలమంది చదువుతారు, ఆ వేలమంది చూపును వ్యాపారులకు అమ్మొచ్చు. ఆ రోజు నుంచి పత్రిక రెండు సరుకులు అమ్ముతోంది. పాఠకుడికి వార్తలు, ప్రకటనకర్తకు పాఠకుడి చూపు.

రేడియో వచ్చాక ఈ ప్రశ్న మళ్లీ కొత్తగా పుట్టింది. పేపర్‌ను డబ్బిచ్చి కొనుక్కుంటారు. గాలిలో వచ్చే మాటకు డబ్బు ఎవరిస్తారు? 1922లో రెండు దేశాలు రెండు జవాబులు చెప్పాయి.

బ్రిటన్‌లో రేడియో సెట్లు తయారుచేసే కంపెనీలు కలిసి బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీని పెట్టాయి. మార్కోనీ కంపెనీ కూడా అందులో ఉంది. వినడానికి ఏమీ లేకపోతే సెట్టు ఎవరు కొంటారు? అందుకని కార్యక్రమాలు మొదలుపెట్టారు. బీబీసీ పుట్టుకలో సెట్ల అమ్మకం ఉందన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. సెట్టున్న ప్రతి ఇంటికీ లైసెన్సు ఫీజు పెట్టారు. 1927 జనవరి 1 నుంచి అది రాయల్ చార్టర్ (రాజు పేరిట ఇచ్చే అధికార పత్రం) కింద ప్రజా కార్పొరేషన్ అయింది, ఫీజు మాత్రం కొనసాగింది.

అదే 1922 ఆగస్టులో న్యూయార్క్‌లో డబ్ల్యూఈఏఎఫ్ అనే స్టేషన్ పది నిమిషాల సమయాన్ని ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి అమ్మింది. శివార్లలో ఫ్లాట్లు కొనండి అని ఒకాయన పది నిమిషాలు మాట్లాడారు. డబ్బిచ్చి వేయించుకున్న తొలి రేడియో ప్రకటనగా దాన్నే చెబుతారు. ఆ స్టేషన్ టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీది కావడం యాదృచ్ఛికం కాదు. ఫోన్ మాట్లాడినంత సేపటికి డబ్బు తీసుకున్నట్టే, గాలిలో మాట్లాడినంత సేపటికీ తీసుకుందామన్నది వాళ్ల ఆలోచన.

ఈనాటి ఏర్పాట్లన్నీ ఈ రెండు దారుల మధ్యే ఎక్కడో ఒకచోట ఉంటాయి. జర్మనీలో ప్రతి ఇల్లూ ప్రసార రుసుము కట్టాలి. ఫిన్లాండ్‌లో 2013 నుంచి లైసెన్సు ఫీజు తీసేసి పన్నుగా మార్చారు. ఫీజు పద్ధతిని మెచ్చుకునేవాళ్లు, ప్రకటనకర్తకు భయపడక్కర్లేని వార్త దానివల్లే సాధ్యమంటారు. వ్యతిరేకించేవాళ్లకు రెండు అభ్యంతరాలు. చూడనివాడు ఎందుకు కట్టాలి? ఫీజు ఎంతో తేల్చేది ప్రభుత్వమైతే ఆ ప్రభుత్వం గురించి గట్టిగా ఎలా మాట్లాడతారు? రెండో అభ్యంతరంలో బలం ఉంది. ఫీజు మీద చర్చ వచ్చినప్పుడల్లా ప్రజా ప్రసార సంస్థల పెద్దలు ప్రభుత్వంతో బేరం ఆడాల్సి రావడమే దానికి రుజువు.

ఒక కథనం ఎంత సంపాదిస్తుంది?

ఆన్‌లైన్ ప్రకటనను వెయ్యి లెక్కన అమ్ముతారు. ఒక యాడ్ ఒకసారి తెర మీద కనిపిస్తే ఒక ఇంప్రెషన్. వెయ్యి ఇంప్రెషన్లకు ఇంత రేటు. రేటు దేశాన్ని, విషయాన్ని, రోజును బట్టి మారుతుంది కాబట్టి లెక్క కోసం రెండు డాలర్లు అనుకుందాం.

ఒక వార్తా సైటులో ఒక కథనం బాగా పోయింది. రెండు లక్షల మంది చదివారు. పేజీలో మూడు యాడ్లున్నాయి. మొత్తం ఆరు లక్షల ఇంప్రెషన్లు, అంటే 600 వేలు. ఒక్కో వేయికి రెండు డాలర్ల చొప్పున ప్రకటనకర్త ఖర్చు 1,200 డాలర్లు. ఇదంతా పత్రికకు రాదు. మధ్యలో యాడ్ ఏజెన్సీ, వేలం నడిపే ప్లాట్‌ఫామ్, కొనేవాళ్ల తరఫు సాఫ్ట్‌వేర్, అమ్మేవాళ్ల తరఫు సాఫ్ట్‌వేర్, ఇలా వరసగా చేతులు చాపి ఉంటాయి. బ్రిటన్‌లో ప్రకటనకర్తల సంఘం కోసం పీడబ్ల్యూసీ అనే ఆడిట్ సంస్థ 2020లో ఈ దారి మొత్తం గాలించి చూసింది. ప్రకటనకర్త పెట్టిన ప్రతి వందలో పత్రికలకు చేరింది 51. ఎక్కడికి పోయిందో తేల్చలేకపోయినది 15! ఆ నిష్పత్తి ప్రకారం మన కథనానికి దక్కేది 612 డాలర్లు.

ఇప్పుడు పక్కనే ఇంకో లెక్క పెట్టండి. నెలకు పది డాలర్లు కట్టే చందాదారులు 62 మంది ఉంటే 620 డాలర్లు. రెండు లక్షల మంది చూపుల కన్నా 62 మంది చందా ఎక్కువ. వార్తా సైట్లు ఒక్కొక్కటిగా పేవాల్ వెనక్కి ఎందుకు పోతున్నాయో, రెండు పేరాలు చదవగానే "కొనసాగాలంటే చందా కట్టండి" అని ఎందుకు అడ్డం వస్తోందో ఈ రెండు అంకెలే చెబుతాయి. న్యూయార్క్ టైమ్స్ 2011లో పేవాల్ పెట్టింది. మరుసటి ఏడాదికే పాఠకుల నుంచి వచ్చే డబ్బు ప్రకటనల డబ్బును దాటేసింది.

దీనికి ముందు జరిగిన నష్టం చిన్నది కాదు. ఇల్లు అద్దెకు, పాత కారు అమ్మకానికి, ఉద్యోగం ఖాళీ అని వచ్చే చిన్న అక్షరాల క్లాసిఫైడ్స్ ఒకప్పుడు పత్రికలకు తిండిపెట్టిన చెయ్యి. అవి ఇంటర్నెట్‌కు వెళ్లిపోయాయి, పెద్ద ప్రకటనలు గూగుల్, మెటాలకు పోయాయి. అమెరికా పత్రికల ప్రకటన ఆదాయం 2005లో సుమారు 4,900 కోట్ల డాలర్లు. 2020 నాటికి 900 కోట్ల లోపుకు దిగింది. ఆ మధ్య ఊళ్లకు ఊళ్లు తమ పేపర్‌ను పోగొట్టుకున్నాయి. పంచాయితీ సమావేశానికి వెళ్లి కూర్చుని రాసుకొచ్చే రిపోర్టర్ లేని ఊరు ఎలా ఉంటుందో తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

అలాగని చందా ఒక్కటే మందు అని చెప్పలేను. డబ్బు కట్టగలిగినవాళ్లకే మంచి వార్త దొరికి, కట్టలేనివాళ్లకు ఉచితంగా వచ్చే పుకార్లు మిగిలితే అదేం న్యాయం? గార్డియన్ ఇందుకే పేవాల్ పెట్టకుండా, ఇష్టమున్నవాళ్లు విరాళం ఇవ్వండని అడుగుతోంది. ఇంకో చిక్కు, చందాదారుడు కూడా ఒత్తిడి తేగలడు. 2013లో జెఫ్ బెజోస్ వాషింగ్టన్ పోస్ట్‌ను 25 కోట్ల డాలర్లకు కొన్నారు. 2024 అక్టోబరులో, ఎన్నికల ముందు అధ్యక్ష అభ్యర్థికి మద్దతు ప్రకటించే ఆనవాయితీని ఆ పత్రిక ఆపేసింది. పత్రిక పక్షపాతంతో ఉందన్న అనుమానం తగ్గాలనే ఈ నిర్ణయమని బెజోస్ స్వయంగా రాశారు. కొద్ది రోజుల్లోనే దాదాపు రెండున్నర లక్షల మంది చందా మానేశారు. పాఠకులు తమ ఆయుధం వాడారని కొందరన్నారు. ఆ దెబ్బ యజమానికి తగల్లేదు, రిపోర్టర్ల ఉద్యోగాలకు తగులుతుందని న్యూస్‌రూమ్‌లో పనిచేసేవాళ్లు మొత్తుకున్నారు. ఇద్దరి మాటా నిజమే.

గోడకు పడిన కన్నం

వార్తలు రాసే విభాగానికీ ప్రకటనలు తెచ్చే విభాగానికీ మధ్య గోడ ఉండాలన్నది వృత్తిలో పాత నియమం. ఎవరు యాడ్ ఇస్తున్నారో రిపోర్టర్‌కు తెలియకూడదు, ఏ కథనం వస్తోందో యాడ్ల మేనేజర్‌కు తెలియకూడదు. ఆ గోడకు కన్నం పడితే ఏమవుతుందో 1999లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో తెలిసొచ్చింది.

ఊళ్లో స్టేపుల్స్ సెంటర్ అనే కొత్త క్రీడా ప్రాంగణం తెరుచుకుంటోంది. ఆ సందర్భంగా పత్రిక ఆదివారం మ్యాగజైన్‌ను మొత్తం దానికే కేటాయించింది. 168 పేజీలు, సుమారు 20 లక్షల డాలర్ల ప్రకటనలు. ఆ డబ్బును ప్రాంగణం వాళ్లతో పంచుకునేలా పత్రిక యాజమాన్యం ముందే ఒప్పందం చేసుకుంది. ఎవరి గురించి రాశారో వాళ్లతోనే లాభం పంచుకున్నారన్నమాట. ఆ పేజీలు రాసిన జర్నలిస్టులకు ఈ సంగతి తెలియదు. బయటపడ్డాక 300 మందికి పైగా జర్నలిస్టులు సంతకాలు చేసి దర్యాప్తు కోరారు. మీడియా వ్యవహారాలు రాసే ఆ పత్రిక విలేకరే తన సంస్థ మీద పరిశోధన చేశారు, డిసెంబరులో అదే పత్రిక పేజీలకు పేజీలు అచ్చేసింది. ఒక్క రాత కూడా అబద్ధమని ఎవరూ నిరూపించలేదు. అయినా పాఠకుల నమ్మకం దెబ్బతింది. ఎందుకంటే పాఠకుడు కొనేది వాక్యాలతో పాటు, ఆ వాక్యం ఎవరి కోసం రాశారన్న భరోసాను కూడా.

ఈ రోజుల్లో గోడకు కన్నం వేయక్కర్లేదు, తలుపే పెట్టారు. దాని పేరు ప్రాయోజిత కథనం. రూపం వార్తది, డబ్బు ప్రకటనకర్తది. ఈ మధ్య నిద్ర గురించి ఒక వ్యాసం చదివాను. రాత్రి ఫోన్ చూడటం వల్ల నిద్ర ఎలా చెడుతుందో, పడకగది ఎంత చల్లగా ఉండాలో చక్కగా రాశారు. చివరి పేరాలో ఒక పరుపుల కంపెనీ పేరు వచ్చింది. అనుమానం వచ్చి పైకి వెళ్లి చూశాను. శీర్షిక పైన, తెల్ల కాగితం మీద లేత బూడిద రంగులో, కళ్లు చిట్లిస్తే తప్ప కనబడనంత చిన్నగా "భాగస్వామ్య కథనం" అని ఉంది. ప్రకటన అన్న మాట ఎక్కడా లేదు. అమెరికా వాణిజ్య కమిషన్ 2015లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన అని పాఠకుడికి స్పష్టంగా తెలియాలని, అర్థం కాని మాటల చాటున దాచకూడదని. ప్రాయోజిత కథనాల వల్ల వచ్చే డబ్బుతోనే అసలు వార్తలు నడుస్తున్నాయని సంస్థలు చెప్పే మాటను నేను కాదనను. అయితే ఆ అక్షరాలు పెద్దవిగా, నల్లగా వేయడానికి ఇబ్బందేమిటన్నదే నా ప్రశ్న.

అందరూ ఒకే గొడుగు కిందకి వస్తే

యాజమాన్యం గురించి దేశాలు చట్టాలు చేసేది ప్రధానంగా ఒక్క భయంతోనే, ఊళ్లో వినిపించే గొంతులన్నీ ఒకరివే అయిపోతాయని. అమెరికాలో 1975 నుంచి ఒకే ప్రాంతంలో దినపత్రిక, ప్రసార స్టేషన్ రెండూ ఒకరి దగ్గరే కొత్తగా చేరకుండా నిషేధం ఉండేది. నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2017లో దాన్ని ఎత్తేసింది, 2021లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. ఇంటర్నెట్ వచ్చాక గొంతులకు కొదవ లేదని, చిన్న పత్రికలు కలిస్తే తప్ప బతకవని ఒక వాదన. వెబ్‌సైట్లు ఎన్ని ఉన్నా ఊళ్లో తిరిగి వార్త తెచ్చేవాళ్లు అదే ఒకరిద్దరని, వాళ్లు కూడా కలిసిపోతే సరిచూసుకునే దిక్కు ఉండదని ఎదుటి వాదన.

విలీనానికి అనుమతి ఇచ్చేది ప్రభుత్వమే కావడంలో ఇంకో మెలిక ఉంది. మొదట చెప్పిన పారామౌంట్ వ్యవహారమే తీసుకోండి. ఎఫ్‌సీసీ అనుమతి కోసం ఎదురుచూస్తున్న సమయంలో, 2025 జులైలో, సీబీఎస్ ప్రసారం చేసిన ఒక ఇంటర్వ్యూ మీద అధ్యక్షుడు ట్రంప్ వేసిన దావాను ఆ సంస్థ 1.6 కోట్ల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది. అదే నెలలో విలీనానికి అనుమతి వచ్చింది. రెండింటికీ సంబంధం లేదని సంస్థ చెప్పింది. సంబంధం లేదని నమ్మడం కష్టమని విమర్శకులన్నారు. ఏది నిజమైనా, వార్తా విభాగం ఒక పెద్ద వ్యాపారంలో చిన్న భాగమైనప్పుడు ఇలాంటి అనుమానం రావడం ఆపలేం.

తన సరుకుకు తనే యాడ్

మీడియా సంస్థలు ఇతరుల ప్రకటనలు ఎలా వేస్తాయో అందరికీ తెలుసు. తమ సరుకును ఎలా అమ్ముకుంటాయో గమనించేది తక్కువ. వాళ్ల చేతిలో మిగతా వ్యాపారులకు లేని సౌకర్యం ఉంది, ప్రకటన వేసే చోటు వాళ్లదే. టీవీలో "రేపు రాత్రి చూడండి" అనే ప్రోమోకు బయటివాళ్లెవరూ డబ్బివ్వరు. అలాగని అది ఉచితం కాదు. ఆ ముప్పై సెకన్లను ఇంకొకరికి అమ్మితే వచ్చే డబ్బే దాని ఖర్చు. స్ట్రీమింగ్ యాప్ తెరవగానే పైన పెద్ద బొమ్మతో కనిపించే సిరీస్ కూడా ప్రకటనే. మనం దాన్ని సలహా అనుకుంటాం. అమెజాన్ లాంటి సంస్థకు వీడియో అమ్మడమే అసలు పని కాదు, వీడియో కోసం సభ్యత్వం తీసుకున్నవాళ్లు తన దగ్గరే వస్తువులు కొంటారన్న ఆశ. రేడియో సెట్లు అమ్ముడుపోవాలని కార్యక్రమాలు మొదలుపెట్టిన 1922 నాటి లెక్కే ఇది.

యాజమాన్యం, డబ్బు, ప్రచారం మూడూ ఒకే ముడిలో పడిన కథ డిస్నీది. 1954కు వాల్ట్ డిస్నీకి ఒక వినోద పార్కు కట్టాలని ఉంది, డబ్బు లేదు. ఏబీసీ అప్పట్లో అమెరికా నెట్‌వర్కుల్లో వెనకబడి ఉంది, దానికి జనం చూసే కార్యక్రమం కావాలి. బేరం కుదిరింది. ఏబీసీ ఐదు లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, 45 లక్షల డాలర్ల అప్పుకు హామీ నిలబడింది. బదులుగా పార్కులో మూడోవంతుకు పైగా వాటా, వారం వారం డిస్నీ తీసిచ్చే గంట కార్యక్రమం. 1954 అక్టోబరు 27న మొదలైన ఆ కార్యక్రమం పేరు, కట్టబోయే పార్కు పేరు ఒకటే, డిస్నీలాండ్. పార్కు పనులు ఎంతవరకు వచ్చాయో మధ్యమధ్యలో చూపించేవారు. డిస్నీ కొత్త సినిమా ఎలా తీస్తున్నారో చూపిస్తూ ఒక భాగం మొత్తం వేశారు. గంటసేపు సినిమా ప్రచారం అది, దానికి ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. 1955 జులై 17న పార్కు తెరిచినప్పుడు ఏబీసీ ప్రత్యక్ష ప్రసారం చేసింది. పార్కులో వాటా ఉన్న ఛానెల్, ఆ పార్కు ప్రారంభాన్ని ఒక వేడుకగా దేశానికి చూపించింది. చూసినవాళ్లు సంతోషించారు, మోసపోయామని ఎవరూ అనుకోలేదు. వినోదంలో ఈ కలయిక వల్ల పెద్దగా ప్రమాదం లేదని నేను కూడా ఒప్పుకుంటాను.

1960లో డిస్నీ ఆ వాటాను 75 లక్షల డాలర్లకు వెనక్కి కొనేసింది. 1996లో కథ తిరగబడింది. డిస్నీ సుమారు 1,900 కోట్ల డాలర్లు పెట్టి ఏబీసీనే కొంది. ఛానెల్‌తో పాటు దాని వార్తా విభాగం కూడా పార్కులు నడిపే కంపెనీ చేతికి వచ్చింది. రెండేళ్ల తర్వాత, 1998లో, ఏబీసీ న్యూస్ పరిశోధనా బృందం వినోద పార్కుల్లో ఉద్యోగుల నియామకం, భద్రత మీద ఒక కథనం తయారుచేసింది. అందులో డిస్నీదే అయిన మరో పార్కు డిస్నీ వరల్డ్ కూడా ఉంది. ఆ కథనం ప్రసారం కాలేదు. కథనం సరిగ్గా రాలేదు కాబట్టే ఆపామని, డిస్నీకి సంబంధించినది కావడం కారణం కాదని ఏబీసీ న్యూస్ చెప్పింది. దానికి కొద్ది రోజుల ముందే డిస్నీ అధిపతి మైకేల్ ఐస్నర్ ఒక రేడియో ఇంటర్వ్యూలో, డిస్నీ గురించి ఏబీసీ వార్తలు ఇవ్వకపోతేనే మంచిదని తన అభిప్రాయం చెప్పి ఉన్నారు. కథనంలో నిజంగానే లోపం ఉండి ఉండొచ్చు. ఎడిటర్లు రోజూ ఎన్నో కథనాలను అలా పక్కన పెడతారు, పెట్టాలి కూడా. ప్రేక్షకుల్లో దాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి, ఆ నిర్ణయం ఎడిటర్‌దా యజమానిదా అని తేల్చుకునే వీలు మాత్రం వాళ్లకు లేకుండా పోయింది.